వాహన విజ్ఞానం: ఎండలో బండి ఎందుకు లాగదు?

వేసవి సెలవులు ఆరంభమైనవి. పిల్లల పరీక్షలు ముగిసిన మరునాటి నుండే మన కాలనీలలో ఒక్కొక్క ఇంటికీ తాళం పడుతున్నది. రైలులో చోటు దొరకనివారు, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్లవలసినవారు సొంత కారులోనే బయలుదేరుతారు. ఆ కార్లలో కొన్నింటికి ఇరవై ఏండ్లు దాటిన వయస్సు కలదు. ప్రేమతో, పొదుపుతో కాపాడుకొంటూ వస్తున్న ఆ పాత బండ్ల గురించి వేసవి వచ్చినప్పుడల్లా ఈ శీర్షికకు అందే ప్రశ్న ఒక్కటే. "ఊరిలో చక్కగా నడిచే బండి, రహదారిపై గంటసేపు పోగానే హఠాత్తుగా లాగడం మానివేస్తున్నది. అరగంట ఆపితే మళ్లీ మామూలే. కారణమేమి?"

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పిన మాట. రోళ్లు పగిలే ఎండలో ఇంజనుకు కష్టం కలుగుటలో ఆశ్చర్యం లేదు. కాని ఇది అసౌకర్యంతో ముగిసే విషయం కాదు. లారీని దాటుతున్న క్షణంలో బండి శక్తి కోల్పోతే ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. నీడ లేని చోట, నలభై నాలుగు డిగ్రీల ఎండలో గంటసేపు నిలిచిపోతే, బండిలోని పసిబిడ్డకూ, వృద్ధులకూ వడదెబ్బ తగులుతుంది. కనుక ఈ మాసం ఈ విషయాన్నే క్రమముగా పరిశీలింతము.

మొదటి ప్రశ్న: శక్తి పుట్టుట లేదా, పుట్టిన శక్తి చక్రానికి చేరుట లేదా?

"బండి లాగడం లేదు" అన్న మాటలో రెండు వేర్వేరు వ్యాధులు దాగి ఉన్నవి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను మోత పెరిగి, వేగం మాత్రం పెరగకుంటే లోపం ఇంజనులో లేదు, క్లచ్చు ప్లేటు జారుచున్నదని అర్థం. మోతా పెరగక, వేగమూ పెరగక, బండిని ఎవరో వెనుక నుండి పట్టి లాగుతున్నట్లుంటే బ్రేకులను అనుమానించవలెను. సమతలమైన చోట, వెనుక వాహనాలేవీ లేనప్పుడు గేరు న్యూట్రలులో పెట్టి చూచినచో, బ్రేకు పట్టిన బండి సాఫీగా దొర్లక త్వరగా ఆగిపోతుంది. ఆగిన తరువాత నాలుగు చక్రాల వద్దా అరచేతిని ముట్టకుండా దగ్గరగా పెట్టి చూడవలెను. మూడింటికన్నా ఒకటి మిక్కిలి వేడిగా ఉన్నచో దోషి అదే. ఈ రెండు పరీక్షలకు పైసా ఖర్చు లేదు. ఇవి చేయకుండా కార్బురేటరు విప్పించుట తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్లుంటుంది.

రెండవ ప్రశ్న: ఉష్ణమాపకం ఏమి చెప్పుచున్నది?

ముల్లు ఎరుపు గీతను సమీపించినచో సమస్య శీతలీకరణ వ్యవస్థలో ఉన్నది. ఫ్యాను బెల్టు వదులగుట, విద్యుత్ ఫ్యాను తిరగకపోవుట, థర్మోస్టాటు తెరుచుకొనకపోవుట, రేడియేటరు లోపల తుప్పు, వెలుపల పురుగులు, ధూళి పేరుకొనుట ముఖ్య కారణాలు. చాలామంది పట్టించుకొనని మరొక భాగం రేడియేటరు మూత. అది మూత మాత్రమే కాదు, ఒక వాల్వు. 0.9 బారు ఒత్తిడిని నిలుపగల మూత ఉన్నప్పుడు లోపలి నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 118 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూతలోని రబ్బరు ఎండిపోయినచో ఆ పద్దెనిమిది డిగ్రీల రక్షణ మనకు లేనట్లే.

ఇట్టి స్థితిలో ఇంజను ఆపి, కనీసం అరగంట వేచి ఉండవలెను. వేడిగా ఉన్న మూతను తిప్పరాదు. ఒత్తిడి తగ్గిన మరుక్షణమే లోపలి నీరు ఆవిరై ముఖంపైకి చిమ్ముతుంది. కాలిన ఇంజనులో చన్నీరు కుమ్మరించుట కూడా తగదు, సిలిండరు హెడ్డు పగులవచ్చును.

ముల్లు మధ్యలోనే ఉండి శక్తి పోయినచో మూడవ ప్రశ్నకు పోవలెను. ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుంచుకొనవలెను. గాలి వేడెక్కిన కొలదీ పలుచనవుతుంది. 15 డిగ్రీల గాలితో పోల్చితే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు తొమ్మిది శాతం తక్కువ. ఇంజను పీల్చే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. దీనికి తోడు ఏ.సి. కంప్రెసరు కొంత శక్తిని తీసుకొంటుంది. 796 సి.సి. మారుతి 800 వంటి చిన్న ఇంజనుకు ఈ రెండూ కలిసి స్పష్టంగా తెలిసేటంత భారం. కనుక మిట్టమధ్యాహ్నం బండి కొంచెం మందగించుట వ్యాధి కాదు. హఠాత్తుగా కుప్పకూలుటయే వ్యాధి.

మూడవ ప్రశ్న: శక్తి ఏ విధంగా పోయినది?

ఇంజను నడుచుటకు తగినంత ఇంధనం, సరియైన సమయంలో నిప్పురవ్వ, ధారాళమైన గాలి, సిలిండరులో బిగువు అను నాలుగు కావలెను. ఈ నాలుగూ ఒకే విధంగా చావవు. దీపం ఆర్పినట్లు ఒక్క క్షణంలో ఇంజను ఆగిపోతే మొదట నిప్పురవ్వను అనుమానించవలెను. దాహం వేసినవానివలె తడబడి, కుదుపులతో క్రమంగా శక్తి తగ్గి, యాక్సిలరేటరు వదిలినప్పుడు కొంత తేరుకొంటే ఇంధనాన్ని అనుమానించవలెను. వారాల తరబడి మెల్లమెల్లగా మందగించి, నల్లని పొగ వస్తుంటే గాలి ఫిల్టరును చూడవలెను. రేడియేటరులో బుడగలు, సైలెన్సరు నుండి తెల్లని పొగ, ఆయిలు పాలవలె మారుట కనిపిస్తే హెడ్ గాస్కెట్టు కాలినదని గ్రహించి, బండిని నడుపక లాగించుకొని పోవుటే మేలు.

ఇంధనం: ఆవిరి అడ్డుపడుట

నీటివలె పెట్రోలుకు ఒకే మరుగు ఉష్ణోగ్రత లేదు. అది అనేక ద్రవముల మిశ్రమం. అందులోని తేలికపాటి భాగాలు నలభై డిగ్రీలలోపే ఆవిరి కావడం మొదలుపెడతాయి, బరువైనవి రెండు వందల డిగ్రీల వరకు నిలుస్తాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటరు కాలపు మారుతి 800 బండ్లలో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. ఎక్కడో వెనుకనున్న ట్యాంకు నుండి అది పెట్రోలును పీల్చుకొనవలెను. పీల్చునప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ద్రవం మరింత తక్కువ వేడికే మరుగుతుంది. అప్పుడు గొట్టంలోనూ, పంపులోనూ ద్రవానికి బదులు ఆవిరి నిండుతుంది. ద్రవాన్ని నెట్టుటకు చేసిన పంపు ఆవిరిని నెట్టలేక ఊరకే ఆడుతుంది. దీనినే మెకానిక్కులు వేపర్ లాక్ అంటారు.

అయితే ఇది ఎప్పుడు వస్తుందో గమనించుట ముఖ్యం. వేగంగా పోవునప్పుడు బానెట్టు కిందకు గాలి ధారాళంగా వస్తుంది. ఘాటు రోడ్డుపై రెండవ గేరులో ప్రాకునప్పుడు, రద్దీలో నిలిచినప్పుడు, టీ త్రాగుటకు ఆపి పది నిమిషాలలో మళ్లీ బయలుదేరినప్పుడు ఆ గాలి ఉండదు. ఇంజను వేడి అంతా పంపుకు, కార్బురేటరుకు ఎక్కుతుంది. కనుక నిజమైన వేపర్ లాక్ సాధారణంగా అట్టి సమయాలలోనే కనిపిస్తుంది.

దారిలో చేయదగిన మూడు పరీక్షలు ఇవి:

1. బండిని సురక్షితమైన చోట ఆపి, ఇంజను ఆపి, ట్యాంకు మూత మెల్లగా తీయవలెను. గాలి లోపలికి పీల్చుకొన్న "స్‌స్" మను శబ్దం గట్టిగా వచ్చి, తరువాత బండి బాగా లాగినచో ట్యాంకుకు గాలి వెళ్లు మార్గం మూసుకొన్నదని అర్థం. పెట్రోలు ఖర్చయిన కొలదీ ఆ చోటికి గాలి చేరకుంటే పంపు ఎంత పీల్చినా రాదు.

2. పంపుపై తడిగుడ్డ వేసి పది నిమిషాలు చూడవలెను. మన టాక్సీ డ్రైవర్లకు ఇది పాత ఉపాయమే. వెంటనే ఉపశమనం కలిగినచో వేపర్ లాక్ అను అనుమానం బలపడుతుంది. నీరు కాయిలుపై, డిస్ట్రిబ్యూటరుపై పడరాదు.

3. తరువాతి పది కిలోమీటర్లు సగం వేగంతో నడిపి చూడవలెను. నెమ్మదిగా పోతే బాగుండి, వేగం పెంచిన కొంతసేపటికి మళ్లీ తడబడితే ఇంధన మార్గంలో ఎక్కడో ఇరుకు ఏర్పడినది. ఫిల్టరు, ట్యాంకులోని జల్లెడ, రబ్బరు గొట్టము వరుసగా చూడవలెను.

నిప్పురవ్వ: వేడికి లొంగే కాయిలు

పాయింట్లు గల పాత బండ్లలో కాయిలు ప్రైమరీ చుట్ట నిరోధం సుమారు 3 ఓములు. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. కాయిలు 25 నుండి 100 డిగ్రీలకు వేడెక్కితే 3 ఓములు ఇంచుమించు 3.9 ఓములవుతుంది. విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది, రవ్వ బలహీనపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాయిలు దీనిని తట్టుకొంటుంది. లోపలి ఇన్సులేషను దెబ్బతిన్న కాయిలు తట్టుకొనలేదు. కండెన్సరు కూడా వేడికి ఇట్లే మొరాయిస్తుంది. చల్లారిన తరువాత రెండూ ఏమీ ఎరుగనట్లు పనిచేయుట వలన వర్క్‌షాపులో లోపం దొరకదు.

దీనికి పరీక్ష బండి ఆగిన వెంటనే చేయవలెను. ఒక విడి ప్లగ్గును వైరుకు తగిలించి, దాని లోహభాగం ఇంజనుకు గట్టిగా తాకునట్లు ఉంచి, మరొకరిచే స్టార్టరు తిప్పించి చూడవలెను. నీలిరంగు రవ్వ చటచట పడితే జ్వలన వ్యవస్థ బాగున్నట్లు. ఎర్రగా, సన్నగా ఉంటే లేక అసలు లేకుంటే దోషం అక్కడే. వైరును వట్టి చేతితో పట్టరాదు. పెట్రోలు ఒలికిన వాసన ఏ కొంచెమున్నా ఈ పరీక్ష తలపెట్టరాదు.

ఒక ఉదాహరణ

మా కాలనీలోని మిత్రులొకరికి 1997 నాటి మారుతి 800 కలదు. డెబ్బది నాలుగేండ్ల తల్లిగారిని రెండు మాసాలకొకసారి వైద్యం నిమిత్తం ఆదిలాబాదు మీదుగా నాగపూరుకు తీసుకొని వెళ్లుచుందురు. గత రెండు వేసవులుగా 44వ నంబరు జాతీయ రహదారిపై గంట ప్రయాణం కాగానే బండి మొరాయించుట ఆరంభమైనది. ఒకసారి నడియెండలో నిలిచిపోయినప్పుడు ఆ పెద్దావిడ సొమ్మసిల్లినారు. ఆనాటి నుండి ఆమె, "ఆ బండి ఎక్కను, నాకీ వైద్యమూ వద్దు" అని పట్టుబట్టినారు. అప్పటికే మూడు చోట్ల మూడు భాగాలు మార్చబడినవి. ఒకచోట కార్బురేటరు, ఒకచోట కాయిలు, మరొకచోట పెట్రోలు పంపు. "అన్నీ అయిపోయినవండీ, ఇక మార్చవలసినది బండినే" అని మిత్రులు నిట్టూర్చినారు.

మేము వారిని కోరినది ఒక్కటే. "మరొక భాగం కొనుటకు ముందు ఒక నోటుపుస్తకం కొనండి." ప్రతిసారీ ఏ వేగంలో, ఎంతసేపటికి, ఏ గేరులో, ట్యాంకులో ఎంత పెట్రోలుండగా, ముల్లు ఎక్కడుండగా, ఎంత విరామం తరువాత తేరుకొన్నదో వ్రాయమన్నాము. వారు ఒంటరిగా చేసిన నాలుగు ప్రయాణాల వివరాలు వ్రాసి తెచ్చినారు. నాలుగింటిలోనూ బండి తడబడినది గంటకు ఎనభై కిలోమీటర్ల నిలకడ వేగంలోనే. ఊరి రద్దీలోగాని, టీ దుకాణం వద్ద ఆగి బయలుదేరినప్పుడుగాని ఒక్కసారియైనా కాదు. ముల్లు మధ్యనే ఉన్నది. ఇంజను ఒక్కసారిగా ఆరిపోలేదు, దాహంతో తడబడినది. ట్యాంకు మూత తీసినా మార్పు లేదు. తడిగుడ్డ వలన లాభం స్వల్పము. యాభై కిలోమీటర్ల వేగంలో ఎంత దూరమైనా పోయినది.

ఈ వివరాలు చదివినచో వేడి ఒక్కటే కారణం కాదని తెలియుచున్నది. బానెట్టు కింద అత్యధిక వేడి ఉండు రద్దీలో బండి బాగున్నది, గాలి బాగా తగులు వేగంలో చెడినది. అనగా ఇంజను ఎక్కువ పెట్రోలు అడిగినప్పుడు అది చేరుట లేదు. మరి చలికాలంలో ఎందుకు చేరుచున్నది? వేడికి మారునదేదో ఆ మార్గంలో ఉండవలెను. కొత్తగా వేసిన మూడు భాగాలను ప్రక్కన పెడితే, మార్చకుండా మిగిలినవి ఇనుప పైపు, ట్యాంకు జల్లెడ, రబ్బరు గొట్టాలు.

పంపుకు ముందు తాత్కాలికంగా ఒక పారదర్శక ఫిల్టరు బిగింపజేసి, వారితోపాటు ఒక మధ్యాహ్నం రహదారిపైకి వెళ్లితిమి. తడబాటు మొదలు కాగానే రోడ్డుకు దూరంగా ఆపి, ఇంజను ఆపకుండానే బానెట్టు ఎత్తి చూచితిమి. నెమ్మదిగా తిరుగునప్పుడు అంతా సవ్యమే. మిత్రులు లోపల కూర్చుండి యాక్సిలరేటరు తొక్కగానే ఫిల్టరులో మట్టం పడిపోయినది. దాని ముందున్న జానెడు రబ్బరు గొట్టము, శీతలపానీయం పీల్చునప్పుడు నలిగిన స్ట్రా వలె చప్పబడిపోయినది. కాలు తీయగానే మళ్లీ గుండ్రంగా అయినది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా నిలుచు గొట్టము, వేడికి మెత్తబడి పంపు పీల్పుకు లొంగిపోవుచున్నది. ఇరుకు వలన ఒత్తిడి తగ్గి కొంత ఆవిరి కూడా పుట్టుచున్నది. తడిగుడ్డతో స్వల్ప లాభం కలుగుటకు హేతువు అదే.

అన్ని రబ్బరు గొట్టాలనూ మార్పించి, ట్యాంకు కడిగించినారు. మూడు భాగాలకైన ఖర్చు ముందు గొట్టాల వెల లెక్కలోనిది కాదు. తరువాత మిత్రులు ముందుగా తామొక్కరే నాగపూరుకు పోయి వచ్చి, అప్పుడే తల్లిగారిని అడిగినారు. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. రెండు లీటర్ల నీరు, గొడుగు తన ప్రక్కనే ఉండవలెనను షరతుపై బయలుదేరినారు. బండి ఎక్కడా ఆగలేదు.

పాత గొట్టాలు, నేటి పెట్రోలు

ఆ గొట్టము ఎందుకు మెత్తబడినది? వయస్సు ఒక కారణం. రెండవది నేటి ఇంధనం కావచ్చును. మన దేశంలో పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలుపు లక్ష్యం 2022లోను, ఇరవై శాతం లక్ష్యం 2025లోను చేరుకొన్నారు. దిగుమతులు తగ్గించుటకు, చెరకు, ధాన్యం పండించు రైతుకు ఇది మేలు. కాని పాత బండ్ల రబ్బరు దీనిని దృష్టిలో ఉంచుకొని చేసినది కాదు. ఇథనాల్ కొన్ని రకముల రబ్బరును ఉబ్బజేసి మెత్తబరుస్తుంది, ట్యాంకులో ఏండ్లుగా పేరుకొన్న మష్టును కరిగించి ఫిల్టరుకు చేరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకొంటుంది. లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలుకన్నా మూడింట ఒకవంతు తక్కువ. ఇరవై శాతం కలిసినప్పుడు లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. పాత కార్బురేటరు ఈ మార్పును తనంత తాను సరిచేసుకొనలేదు. కనుక పాత బండి గలవారు ఇథనాల్‌కు తగిన గొట్టాలు, పంపు డయాఫ్రమ్ వేయించుకొని, ఫిల్టరును తరచుగా మార్చుట మంచిది.

ఇంజెక్షన్ బండ్లలో

2000 సంవత్సరం ప్రాంతం నుండి వచ్చిన ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి, పెట్రోలును వెనుక నుండి ఒత్తిడితో నెట్టుతుంది. అందువలన వేపర్ లాక్ అరుదు. ఆ పంపును చల్లబరచునది పెట్రోలే గనుక వేసవిలో ట్యాంకు పావువంతుకు తగ్గనీయరాదు. వేడెక్కగానే ఇంజను హఠాత్తుగా ఆగి, చల్లారగానే నడిచినచో క్రాంక్ సెన్సారును, పంపు రిలేను చూపించవలెను. ఇంజను హెచ్చరిక దీపం వెలిగినచో ముందు స్కానరుతో కోడు చదివించి, తరువాతనే భాగాలు మార్పించవలెను. కాటలిటిక్ కన్వర్టరు గల పాత బండ్లలో దాని లోపలి ఇటుక విరిగి పొగ మార్గానికి అడ్డుపడినా శక్తి పోతుంది.

దారిలో నిలిచినప్పుడు

హెచ్చరిక దీపాలు వేసి, బండిని వీలైనంత ఎడమకు తీసి, మొదట మనుష్యులను దింపవలెను. వారిని బండిలోగాని, బండి వెనుకగాని ఉంచక, రోడ్డు అంచుకు దూరంగా నీడకు చేర్చవలెను. త్రికోణ సూచికను కనీసం యాభై మీటర్ల వెనుక నిలుపవలెను. జాతీయ రహదారిపై 1033, ఏ అత్యవసరానికైనా 112 నంబర్లు కలవు. మాట తడబడుట, ఒళ్లు కాలుట, స్పృహ తప్పుట వడదెబ్బ లక్షణాలు. అప్పుడు బండి సంగతి మరచి, 108కి ఫోను చేసి, మనిషిని తడిగుడ్డతో చల్లబరచవలెను. ఇంజను తరువాత చూచుకొనవచ్చును.

పెద్దవారితో ప్రయాణం తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆరంభించి పదింటికి ముగించుట అన్నిటికన్నా చౌకైన వైద్యం. బండిలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు కూడా ఉంచుకొనండి. మెకానిక్కు వద్దకు పోయినప్పుడు "లాగడం లేదు" అని చెప్పి తాళం చేతికిచ్చుటకన్నా, ఎప్పుడు, ఎట్లు, ఎంతసేపు అని వ్రాసిన కాగితం ఇచ్చినచో ఆయనకూ శ్రమ తగ్గును, మీకూ ధనం మిగులును.

ఇట్టి అనుభవాలు గల పాఠకులు తమ బండి వివరాలు, లక్షణాలు వ్రాసి సంపాదకులకు పంపగలరు. వర్షాకాలం సమీపించుచున్నది గనుక వచ్చే సంచికలో తడిసిన బ్రేకులను గురించి, వైపరు రబ్బర్లను గురించి ముచ్చటింతము.